డ్రాగన్‌కి జీతమేంటి అంటారా?

"ఇంకా డ్రాగన్ల కథలేనా, నువ్వేమన్నా పిల్లాడివా?" అని మా టీములో ఒకాయన ఎకసెక్కం. నవోమీ నోవిక్ 'టెమెరేర్' నవలల (2006-2016, మొత్తం తొమ్మిది) గురించి లెండి. ఆవిడా ఒకప్పుడు గేమ్ ప్రోగ్రామరే, మన జాతే!

నెపోలియన్ యుద్ధాలకి డ్రాగన్ల వైమానిక దళం తగిలించిందంతే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. రెండో నవల్లో టెమెరేర్ చైనా వెళ్తాడు. అక్కడ డ్రాగన్లు వీధుల్లో తిరుగుతాయి, చదువుకుంటాయి, సొంత డబ్బుతో కొనుక్కుంటాయి. ఇంగ్లండులోనో? ప్రాణాలొడ్డి పోరాడేది అవే, జీతం మాత్రం సున్నా. 'మాకెందుకివ్వరు?' అని డ్రాగనే నిలదీస్తుంటే అది పిల్లల కథెలా అవుతుందండీ?

నాలుగో దాంట్లో (2007) బ్రిటిష్‌వాళ్ళు పట్టుబడ్డ ఫ్రెంచి డ్రాగన్‌కి అంటురోగం తగిలించి వెనక్కి తోలేస్తారు. కెప్టెన్ లారెన్స్, టెమెరేర్ కలిసి మందు పట్టుకెళ్ళి ఫ్రాన్సుకి ఇచ్చేస్తారు. "శత్రువుకి మందా? దేశద్రోహం కాదూ?" అంటాడు మావాడు. నెట్‌వర్కులోకి వర్ము వదిలి, పక్కవాడి మెషీనొక్కటే పోతుందనుకునేవాణ్ణి ఈయన టీములో పెట్టుకుంటాడా? పైగా నెపోలియన్ ఉండిపొమ్మన్నా, లారెన్స్ ఉరిశిక్షకి సిద్ధపడే తిరిగొచ్చాడు.

ఆరో నవల్లో ఆస్ట్రేలియా ప్రయాణం సాగదీతే, అది మాత్రం ఒప్పుకుంటా.