నాలుగు చక్రాలూ తిరుగుతాయి సరే, మరి ఆగేదెలా?

డిసెంబరు దగ్గర పడుతోందంటే మన వాళ్ళ ఫోన్లలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. చికాగోలో తమ్ముడు అడుగుతాడు, టొరంటోకి కొత్తగా వెళ్ళిన స్నేహితుడు అడుగుతాడు: "కారు కొంటున్నాను, రియర్ వీల్ డ్రైవ్ చాలా, ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోవాలా?" అని. మేముండే యూ టీలో మంచు చూడాలంటే ఫ్రిజ్ తలుపు తియ్యాల్సిందే! అయినా ఈ మధ్య ఇదే ప్రశ్న సింగపూరులోనూ వినిపిస్తోంది. కారణం ఎలక్ట్రిక్ కార్లు.

మన నాన్నల కాలం నాటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండూ వెనక చక్రాలతో నడిచే బళ్ళే. 1983లో మారుతి 800 వచ్చాక మన ఊళ్ళలో ముందు చక్రాల బళ్ళ కాలం మొదలైంది. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లతో చక్రం మళ్ళీ వెనక్కి తిరిగింది. టెస్లా మోడల్ 3, హ్యుందాయ్ అయానిక్ 5, బీవైడీ సీల్ లాంటి వాటిలో తక్కువ ధర రకానికి వెనక ఒకటే మోటారు. ఎక్కువ డబ్బు పెడితే ముందు కూడా ఇంకో మోటారు, అంటే ఆల్ వీల్ డ్రైవ్. కనుక ఈ ప్రశ్నకి జవాబు ఖరీదైనదే.

మంచులో వెనక చక్రాల బండి పనికిరాదన్న మాట ఊరికే పుట్టలేదు. పాత బళ్ళలో ఇంజను బరువంతా ముందుంటుంది, తోసే చక్రాలు వెనకుంటాయి. వెనక బరువు లేక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, తోక పక్కకి జారుతుంది. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ నేల కింద పరుచుకుని ఉంటుంది, మోటారు వెనక చక్రాల దగ్గరే ఉంటుంది. పైగా చక్రం జారుతోందని తెలిసిన వెంటనే కంప్యూటర్ మోటారు బలాన్ని తగ్గించేస్తుంది. అందుకని పాత సలహాలో సగమే ఇప్పుడు మిగిలింది.

అసలు సంగతి ఇంకొకటుంది. ఆల్ వీల్ డ్రైవ్ చేసే పని బండిని కదిలించడం. మంచు పేరుకున్న డ్రైవ్‌వే ఎక్కాలన్నా, సిగ్నల్ దగ్గర కదలాలన్నా దాని సాయం నిజంగానే గొప్పది. ఆగడంలో మాత్రం దానికి ప్రత్యేకత ఏమీ లేదు. ఎంత చవక కారుకైనా నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి కదా!

ఇంటర్మీడియట్ ఫిజిక్స్ గుర్తు చేసుకుని ఒక చిన్న లెక్క వేద్దాం. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి, టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణని బట్టి ఉంటుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే, పొడి రోడ్డు మీద (ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే) సుమారు 20 మీటర్లలో ఆగుతాం. తొక్కుడు పడ్డ మంచు మీద (0.2) 71 మీటర్లు కావాలి. నున్నటి ఐసు మీద (0.1) 140 మీటర్లు దాటుతుంది. ఈ సూత్రంలో ఎన్ని చక్రాలకి మోటారు ఉందన్న అంశమే లేదు. టైరు ఉంది, వేగం ఉంది, అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు చక్రాల మోటారు బండి బయల్దేరేటప్పుడే కాస్త జారి, "ఇవాళ రోడ్డు బాలేదు నాయనా" అని చెబుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఆ హెచ్చరిక ఇవ్వకుండానే పరుగందుకుంటుంది. రోడ్డు సంగతి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే. మన వాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతంలో, 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్ వర్త్ దగ్గర ఐ-35 వెస్ట్ హైవే ఐసు గడ్డ కట్టింది. 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. ఆ ఐసు మీద ఆగలేకపోవడమే ప్రాణం తీసింది.

చలి దేశాల చట్టాలు చూసినా ఇదే అర్థమవుతుంది. కెనడాలో క్విబెక్ రాష్ట్రం 2008 నుంచి చలికాలపు టైర్లు తప్పనిసరి చేసింది. జర్మనీలో 2010 నుంచి మంచు, ఐసు ఉన్న రోడ్డు మీద తగిన టైర్లు లేకుండా నడపకూడదు. ఒంటారియోలో 2016 నుంచి వింటర్ టైర్లు వేసుకున్న వారికి ఇన్సూరెన్స్ కంపెనీలు తగ్గింపు ఇవ్వాలి. కొలరాడో కొండదారుల నియమం ఆల్ వీల్ డ్రైవ్‌ని ఒప్పుకుంటుంది గానీ, టైరు గాడి లోతు అంగుళంలో పదహారింట మూడో వంతు ఉంటేనే! మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల లోపు చలిలో గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. వింటర్ టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

ఇక మన సింగపూరు సంగతి. ఇక్కడి ఎత్తైన కొండ బుకిట్ తిమా 164 మీటర్లు. మంచు లేదు గానీ ఏడాదిలో సగటున 171 రోజులు వాన పడుతుంది. ఇక్కడ రెండో మోటారు ఖర్చు కారు ధరతో ఆగదు, సీ.ఓ.ఈ. వరకూ వెళుతుంది. 2022 మే నుంచి 110 కిలోవాట్ల లోపు ఎలక్ట్రిక్ కార్లు కేటగిరీ ఏలోకి వస్తాయి, అది దాటితే బీ. రెండు మోటార్ల బళ్ళు మామూలుగా ఆ గీత దాటేస్తాయి. 2023 అక్టోబరు రెండో వేలంలో ఏ ధర 1,06,000 డాలర్లు, బీ ధర 1,50,001. అంటే ఒక కాగితం ముక్కకే 44,000 డాలర్ల తేడా! ఈ తేడా ప్రతి వేలానికీ మారుతుంది, ఒక్కోసారి బాగా తగ్గుతుంది కూడా. టెస్లా 2024లో మోడల్ 3ని సరిగ్గా 110 కిలోవాట్లకి కుదించి, వెనక చక్రాల బండిగా ఇక్కడ అమ్మింది ఈ లెక్క చూసుకునే. రోడ్ టాక్సు కూడా మోటారు శక్తిని బట్టే.

అంత పెట్టి కొన్న రెండో మోటారు క్రాంజి ఎక్స్‌ప్రెస్‌వే మీద కుంభవృష్టిలో ఏం చేస్తుంది? ఆపే పనిలో ఏమీ చెయ్యదు. గంటకి 90 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద 45 మీటర్లలో ఆగే బండికి, తడి రోడ్డు మీద 70 కావాలి. టైరు గాడులు అరిగిపోయి ఉంటే నీళ్ళు పక్కకి పోయే దారి లేక బండి నీళ్ళ మీద తేలుతుంది. చట్టం చెప్పే 1.6 మిల్లీమీటర్లు ఆఖరి హద్దు మాత్రమే, అక్కడిదాకా ఆగడం వానల దేశంలో తెలివైన పని కాదు.

కాబట్టి మిత్రులారా, డబ్బు పెట్టే వరస ఇలా ఉంటే మంచిది. చలి దేశంలో ఉన్నవారు ముందు నాలుగు మంచి వింటర్ టైర్లు కొనండి. ఇంటి ముందు ఎత్తు దారి ఉంటేనో, మంచు తోడకముందే డ్యూటీకి వెళ్ళాల్సిన ఉద్యోగమైతేనో ఆ తర్వాత ఆల్ వీల్ డ్రైవ్. సింగపూరులో ఉన్నవారికి వెనక చక్రాలు చాలు, మిగిలిన డబ్బులో కొంత టైర్లకి, చాలావరకు పిల్లల చదువుకి. ఎక్కడున్నా ముందు బండికి దూరంగా ఉండండి. ఈ చలికాలం ఎమ్మెస్‌కి వెళ్ళి మొదటి సెకండ్ హ్యాండ్ కారు కొంటున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ఇంజను సంగతి అడిగే ముందు టైర్లు ఎప్పటివో అడగండి.