గర్భసంచి ఆపరేషన్: రోబో కన్నా ముందు రావలసినవి

ఆత్మకూర్ (ఎస్) మండల ప్రజలకు, సూర్యాపేట జిల్లా వైద్య యంత్రాంగానికి విజ్ఞప్తి

రోబోటిక్ శస్త్రచికిత్స అంటే యంత్రం తనంతట తాను చేసే ఆపరేషన్ కాదు. డాక్టరు పక్కనే మరో బల్ల దగ్గర కూర్చుని, కడుపు లోపలి భాగాలను త్రిమితీయంగా, పెద్దవిగా చూస్తూ, చిన్న రంధ్రాల గుండా పంపిన పరికరాలను తన చేతి కదలికలతో నడిపించే పద్ధతి. ఆ పరికరాల కొసలు అన్ని వైపులకూ తిరుగుతాయి కనుక, గర్భసంచి లోపలి పొర వంటి కణజాలం బయట పెరిగి పేగులకు అంటుకుపోయే ఎండోమెట్రియోసిస్‌లోనూ, గర్భసంచిని నిలిపి కణుతులను మాత్రమే తీయవలసినప్పుడూ, స్థూలకాయులకు గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ వచ్చినప్పుడూ అది ఎంతో ఉపయోగపడుతుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఉండే ఈ యంత్రం 2023లో హైదరాబాద్‌లోని నిమ్స్‌కు, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి రావడం స్వాగతించదగినది.

అయితే పల్లె స్త్రీల అసలు కష్టం వేరే చోట ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మందులతో నయమయ్యే తెల్లబట్టకూ, నడుము నొప్పికీ, అధిక రుతుస్రావానికీ క్యాన్సర్ భయం తోడై, పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేమిటన్న మాట బలపడి, నడివయసు రాకముందే ఆపరేషన్ బల్ల ఎక్కేవారున్నారు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు బలహీనపడతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అవసరం లేని ఆపరేషన్‌ను రోబోతో చేసినా అది అవసరం లేని ఆపరేషనే. కోత మాత్రమే చిన్నదవుతుంది.

రోబో అయితే ఎప్పుడూ మేలన్న నమ్మకమూ సరికాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉన్నవారిపై జరిగి 2018లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధనలో, నాలుగున్నరేళ్ల తరువాత వ్యాధి తిరగబెట్టకుండా జీవించి ఉన్నవారు కడుపు కోసి చేసిన వర్గంలో 96.5 శాతం కాగా, లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే పద్ధతి) లేదా రోబోతో చేసిన వర్గంలో 86 శాతమే. మామూలు జబ్బుకైతే యోని మార్గాన చేసే ఆపరేషన్‌కు కడుపు మీద కోతే ఉండదు, ఖర్చూ తక్కువ.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న, కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మార్గదర్శకాలు కోరే జిల్లా పర్యవేక్షణ కమిటీ సూర్యాపేటలో క్రమం తప్పక సమావేశమై, ప్రైవేటు ఆసుపత్రులతో సహా ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కు కారణాన్ని, ముఖ్యంగా 40 ఏళ్లలోపు వారి విషయంలో, పరిశీలించాలి. మండల ఆరోగ్య కేంద్రంలో ముఖద్వార క్యాన్సర్ పరీక్ష నిర్ణీత రోజుల్లో జరగాలి. స్కానింగ్‌కూ, రెండో డాక్టరు అభిప్రాయానికీ సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి బాధ్యత తీసుకోవాలి. రోబో నిజంగా అవసరమని అక్కడి వైద్యులు తేల్చినవారిని నేరుగా నిమ్స్‌కో ఎం.ఎన్.జె.కో పంపి, ఆ ఖర్చును ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వమే భరించాలి.

గర్భసంచి తీయాలని చెప్పిన డాక్టరును జబ్బు పేరు, మందులతో తగ్గే వీలు, ఆపరేషన్ మార్గం, అండాశయాలు ఉంచుతారా లేదా అన్నవి కాగితం మీద రాసి ఇమ్మని అడగనిదే ఏ స్త్రీ సంతకం చేయకూడదు. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే సూర్యాపేట ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి.