వాగును చూసిండ్రు, అధికారాన్ని చూడలే!

2024 అక్టోబర్‌లో మన మంత్రులు, హైదరాబాద్ మేయర్, ఎమ్మెల్యేలు, అధికారులు మందగా దక్షిణ కొరియా రాజధాని సియోల్ వెళ్లారు. మూసీని బాగు చేయాలంటే అక్కడి హాన్ నదిని, నగరం నడుమ పారే చియోంగ్‌గ్యేచియోన్ వాగును చూడాలన్నారు. అక్కడి నగర పాలక అధికారులతో కూర్చున్నారు, ఫొటోలు దిగారు, తిరిగొచ్చారు. పోవడం తప్పు కాదు. మంచి ఎక్కడున్నా నేర్చుకోవాల్సిందే. ఏం నేర్చుకొచ్చిండ్రన్నదే ప్రశ్న!

ఆ వాగుది నీళ్ల కథ కాదు, అధికారం కథ. 1958 నుంచి దాన్ని కాంక్రీటుతో కప్పేశారు, మీద ఫ్లైఓవర్ కట్టారు. దాదాపు ఆ కాలమంతా సియోల్ మేయర్‌ను పైనున్న సర్కారే నియమించేది. 1961లో సైన్యం గద్దెనెక్కి స్థానిక సభలనే రద్దు చేసింది. కొరియా విద్యార్థులు, కార్మికులు కొట్లాడి ప్రజాస్వామ్యం తెచ్చుకున్నాక 1991లో ఆ సభలు తిరిగొచ్చాయి. 1995లో మేయర్‌ను జనమే ఎన్నుకున్నారు. 2002లో లీ మ్యుంగ్ బాక్ వాగును తెరుస్తానని మాటిచ్చి, ఓట్లడిగి మేయరయ్యాడు. 2005 అక్టోబర్‌కు దాదాపు 6 కిలోమీటర్ల వాగు బయటపడింది. నియమించిన మేయర్ల కాలంలో పూడిన వాగు, ఎన్నుకున్న మేయర్ కాలంలో తేలింది. మనోళ్లు చూడాల్సింది గిది!

అదే 2002లో హైదరాబాద్ జనం కూడా మేయర్‌ను నేరుగా ఎన్నుకున్నారు. తీగల కృష్ణారెడ్డి గెలిచారు. ఆ తర్వాత ఆ పద్ధతినే ఎత్తేశారు. ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కూడా ఓటేసి మేయర్‌ను తేల్చే పద్ధతి తెచ్చారు.

ఇద్దరు మేయర్లను పక్కపక్కన నిలబెట్టి చూడండి. సియోల్‌లో మంచినీళ్లు, మెట్రో, నగర ప్రణాళిక నగర ప్రభుత్వం చేతిలోనివే. మనకాడ? జలమండలికి చైర్మన్ ముఖ్యమంత్రి. హెచ్‌ఎండీఏకూ ముఖ్యమంత్రే. మూసీ కోసం 2017లో పెట్టిన కార్పొరేషన్ కూడా రాష్ట్ర సర్కారుదే. బల్దియా కమిషనర్‌ను పంపేదీ సర్కారే. 1993 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు 18 పనులు రాసిపెట్టింది. అవి కాగితం మీదనే ఉన్నాయి.

ఎన్నికల సంగతి మరీ అన్యాయం. 1986లో గెలిచిన బల్దియా సభ గడువు తీరాక 2002 దాకా ఎన్నికల్లేవు. అది ఉమ్మడి పాలకుల పాపం అనుకుందాం. 2014 డిసెంబర్‌లో గడువు తీరిన సభకు 2016 ఫిబ్రవరి దాకా ఎన్నికలు పెట్టనిది ఎవరు? 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా మన పల్లెలను సర్పంచులు లేకుండా ప్రత్యేకాధికారుల చేతిలో పెట్టింది ఎవరు? పార్టీలు మారినయ్, పెత్తనం మారలే.

సియోల్ అంతా స్వర్గం కాదు. ఆ వాగులో పారేది ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తోడిన నీరు. వాగు ఒడ్డున బతికిన వీధి వ్యాపారులను డోంగ్‌డేమున్ స్టేడియానికి తరలించి, తర్వాత ఆ స్టేడియాన్నే కూల్చారు. ఇదీ నేర్వాల్సిన పాఠమే. కానీ ఇక్కడేమైంది? సియోల్ విమానమెక్కడానికి కొద్ది వారాల ముందే మూసీ ఒడ్డున పేదల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. ముందు ఇంటికి గుర్తు, ఆ తర్వాత విదేశీ పాఠమా?

మన పాలన మనకే కావాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. స్వపరిపాలన సచివాలయం గేటు కాడనే ఆగిపోతే అది సగం తెలంగాణే!

విద్యార్థులారా, ఉద్యోగులారా, అడగండి. మేయర్‌ను జనమే ఎన్నుకోవాలి. జలమండలి, హెచ్‌ఎండీఏ, మూసీ కార్పొరేషన్ ఎన్నికైన సభలకు జవాబు చెప్పాలి. గడువు తీరకముందే ఎన్నికలు జరగాలి. బస్తీ సభ ఒప్పుకోకుండా ఒక్క గోడ కూడా కూలొద్దు. ఇయ్యి తెచ్చేదాకా ఎన్ని దేశాలు తిరిగినా విమాన ఖర్చే మిగులుతది!