ఇంటి జమాఖర్చులు: కిటికీ అద్దాలు

మా శ్రీమతికి ఆయాసం. ఘాటైన స్ప్రేలు పడవు. అందుకే మా బెంగుళూరు ఇంట్లో అద్దాలకు వెనిగరే గతి.

ఇక్కడి బోరునీళ్ళ తుంపర ఆరితే మిగిలే తెల్ల మచ్చలు సున్నం. అది సబ్బుకు లొంగదు, పులుపుకు లొంగుతుంది. ముందు దుమ్ము దులపండి, లేకుంటే గీతలు పడతాయి. కప్పు నీళ్ళకు కప్పు తెల్ల వెనిగర్ కలిపి, నూలుగుడ్డతో తడిపి, అయిదు నిమిషాలాగి తుడవండి. వెనిగర్ లేకుంటే నిమ్మరసం. ఎండపొడ తగిలేటప్పుడు వద్దు, చారలు కడతాయి.

వంటసోడా కలిపితే పొంగే మిగులుతుంది. జమా, ఖర్చూ చెల్లు, నిల్వ సున్నా!

పాలరాతి గట్టుపై చుక్క పడనీయకండి, అదీ సున్నపు జాతే. బ్లీచింగ్ పౌడరుతో మాత్రం ఎన్నడూ కలపకండి. వచ్చేది విషవాయువు.