జీతం బాకీ ఏజెన్సీది కాదు, శాఖది

ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి జీతాలు ఆగినప్పుడల్లా మన పత్రికల్లో, టీవీ చర్చల్లో ఒకే ముద్దాయి నిలబడతాడు: ఏజెన్సీ. పీఎఫ్ మింగేసింది, నెలల తరబడి జీతాలివ్వలేదు, బ్లాక్‌లిస్టులో పెట్టండి అంటారు. ఆరోపణ నిజమే కావచ్చు. కానీ ఆ ఏజెన్సీని తెచ్చిపెట్టిన టెండర్ ఎలాంటిదో, నెలనెలా దాని బిల్లు పాస్ చేసే అధికారికి చట్టం ఏ బాధ్యత అప్పగించిందో అడిగిన పాపాన ఎవరూ పోరు.

అసలు మనుషుల్ని సరఫరా చేసే టెండర్లో పోటీ దేనిమీద? జీతాన్ని ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. తెలంగాణలో 2021 నాటి జీవో 60 హోదాను బట్టి 15,600, 19,500, 22,750 రూపాయలని తేల్చింది. పీఎఫ్, ఈఎస్ఐ శాతాలు చట్టం చెప్పినవే. ఇక మిగిలేది సర్వీస్ ఛార్జీ ఒక్కటే. ఎల్-1 (అతి తక్కువ ధర వేసినవారు) కావడానికి దాన్ని సున్నాకు దించేస్తుంటే, అలాంటి బిడ్లు చెల్లవని కేంద్ర వ్యయ విభాగం 2014లో చెప్పింది. దాంతో సున్నా పక్కన చుక్క పెట్టి పైసల్లో కోట్ చేయడం మొదలైంది. 2023లో కనీసం 3.85 శాతం ఉండాలన్నారు. ఇప్పుడు ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్లో అందరూ అదే అంకె వేస్తారు, అందులో ఒకరిని కంప్యూటర్ తీస్తుంది. పేరుకు టెండర్, జరిగేది లాటరీ. 15,600 జీతం మీద ఆ ఛార్జీ దాదాపు 600 రూపాయలు. ముందు జీతాలిచ్చి తర్వాత బిల్లు పెట్టుకోమనే షరతు కింద, బిల్లు మూడు నెలలు ఆగితే ఈ 600తో నెట్టుకొచ్చేదెవరు? పీఎఫ్ ఎగ్గొట్టేవాడు, ఉద్యోగానికింతని వసూలు చేసేవాడు. నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు వేసుకునే వీలు 2021 అక్టోబరు నుంచీ ఉంది. అది వదిలి లాటరీకి పోవడం శాఖలు కోరి చేసుకున్నదే.

చట్టం మాట ఇంకా స్పష్టం. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, కాంట్రాక్టరు జీతాలిచ్చేటప్పుడు ప్రధాన యజమాని (పని చేయించుకునే శాఖ) ప్రతినిధి అక్కడ ఉండాల్సి ఉండేది. తన సమక్షంలోనే చెల్లించారని వేతన రిజిస్టరులో సంతకం పెట్టాల్సి ఉండేది. కాంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి, ఆ సొమ్ము అతని దగ్గర రాబట్టుకోవాల్సి ఉండేది. ప్రభుత్వ శాఖలకు మినహాయింపేమీ లేదు. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిభద్రతా కోడ్ కూడా 55వ సెక్షన్‌లో ఈ చెల్లింపు బాధ్యతను అలాగే ఉంచింది; జీతాలు బ్యాంకు ద్వారా ఇచ్చి, ఆ వివరం ప్రధాన యజమానికి తెలపాలని కాంట్రాక్టరును ఆదేశించింది. కాబట్టి ‘ఏజెన్సీ ఇవ్వలేదు, మమ్మల్నేం చేయమంటారు’ అనే జవాబు చట్టం ముందు నిలవదు.

మనమే జీతమిస్తే రేపు పర్మినెంట్ చేయమంటారని అధికారుల భయం. ఈ భయానికి మూలం 1996 నాటి సుప్రీంకోర్టు ఎయిరిండియా తీర్పు. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించిన చోట కార్మికులను నేరుగా తీసుకోవాలని జస్టిస్ కె.రామస్వామి ధర్మాసనం అంది. దాన్ని 2001లో సెయిల్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రీ. కాంట్రాక్టు బూటకమని తేలితే తప్ప, ఉద్యోగం దానంతటది రాదని సెయిల్ తీర్పు సారం. 2006 నాటి ఉమాదేవి తీర్పు క్రమబద్ధీకరణ దారిని మరింత ఇరుకు చేసింది. చట్టం విధించిన చెల్లింపు చేసినంత మాత్రాన శాఖ ఇరుక్కోదు. రెండుసార్లు చెల్లించాల్సి వస్తుందనే వాదనకూ బలం లేదు. ఏజెన్సీ బిల్లులు, పూచీకత్తు డిపాజిట్ శాఖ చేతిలోనే ఉంటాయి. ఇక ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్‌తో దళారీని తప్పించింది, మంచిదే. అయితే శాఖ నిధులు విడుదల చేయకపోతే ఆ కార్పొరేషన్ మాత్రం జీతాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఏజెన్సీని మార్చినా బాకీ శాఖదే. జీతాలు ఆగాయని వార్త రాసే మిత్రులు ఏజెన్సీ పేరుతోపాటు, ఆ బిల్లు ఎవరి బల్ల మీద ఆగిందో కూడా రాయాలి.