ఎవరి గడపలో బస చేద్దాం?

హార్లెంలో నివసించిన విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. నల్లజాతి ప్రయాణికుడికి ఏ ఊళ్లో తలదాచుకునే చోటు దొరుకుతుందో, ఎక్కడ భోజనం పెడతారో అందులో ఉండేది. 'గ్రీన్ బుక్'గా పేరుపడిన ఆ సూచిక మూడు దశాబ్దాల పాటు వెలువడింది. దాని అవసరమే లేని రోజు రావాలని గ్రీన్ ఆశించాడు. ఆ రోజును చూడకుండానే 1960లో కన్నుమూశాడు.

ఆ బసల చరిత్రను వ్యాపార చరిత్రగా మాత్రమే చూడలేం. బర్మింగ్‌హామ్‌లో ఎ.జి. గాస్టన్ 1954లో తెరిచిన మోటల్ 1963 నాటి ఉద్యమానికి కేంద్రమైంది. మార్టిన్ లూథర్ కింగ్ 30వ నంబరు గదిలో ఉండి సహచరులతో సమాలోచనలు జరిపేవాడు. ఆ మే నెలలోనే మోటల్‌పై బాంబు పడింది. మెంఫిస్‌లోని లొరేన్ మోటల్ వాల్టర్, లోరీ బెయిలీ దంపతులది. 1968 ఏప్రిల్ 4న కింగ్ అక్కడి వసారాలోనే హత్యకు గురయ్యాడు. అదే రోజు లోరీకి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. కింగ్ అంత్యక్రియలు జరిగిన ఏప్రిల్ 9న ఆమె కూడా మరణించింది. ఆతిథ్యం ఇచ్చినందుకు ఇంతటి మూల్యం చెల్లించినవారు ఎందరుంటారు?

1964 పౌరహక్కుల చట్టం హోటళ్లలో వర్ణవివక్షను నిషేధించింది. పెద్ద హోటళ్ల తలుపులు తెరుచుకున్నాయి, నల్లజాతి అతిథులు అటు నడిచారు. తెల్లవారు మాత్రం ఇటు రాలేదు. దాంతో నల్లజాతివారి బసలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. లొరేన్ మోటల్ 1982 నాటికి అప్పుల్లో మునిగి వేలానికి వచ్చింది. 1991లో మ్యూజియంగా మారి నిలిచింది.

వివక్ష ఇప్పుడు ఫోన్ తెరమీదికి చేరింది. ఎయిర్‌బీఎన్‌బీపై హార్వర్డ్ పరిశోధకులు జరిపి, 2017లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లజాతి పేర్లుగా తోచే పేర్లతో పంపిన అభ్యర్థనలకు అంగీకారం సుమారు 16 శాతం తక్కువగా లభించింది. న్యూయార్క్‌లో అదే తరహా ఇంటికి ఇతర యజమానులు నల్లజాతి యజమానుల కంటే దాదాపు 12 శాతం ఎక్కువ అద్దె పొందుతున్నారని అంతకు ముందరి అధ్యయనం తేల్చింది. పేరు చెప్పగానే 'ఇల్లు ఇచ్చేశామండీ' అన్న జవాబు విన్న మన పాఠకులకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు.

పిల్లలను చూడడానికి అమెరికా వెళ్లే మన కుటుంబాలకు తరచు వినిపించే జాగ్రత్త ఒకటుంది: 'నల్లవాళ్ల పేటకు వెళ్లకండి.' ఈ మాట మనల్ని సిగ్గుపరచాలి. భారతీయులకు ఆ దేశపు తలుపులు విరివిగా తెరిచిన 1965 వలస చట్టం, ఆ పౌరహక్కుల ఉద్యమం మలిచిన వాతావరణంలో వచ్చినదే.

కనుక అట్లాంటాకో, మెంఫిస్‌కో, న్యూ ఆర్లియన్స్‌కో వెళ్లేటప్పుడు నల్లజాతివారి సొంత సత్రం, అతిథి గృహం ఏదైనా ఉందేమో ముందుగా వెతకండి. వారు అడిగిన అద్దె చెల్లించండి, బేరమాడకండి. దయతో చేసే దానంగా దీన్ని తలచవద్దు. డబ్బిచ్చి సేవ పొందుతున్నాం, అంతే. బాగుంటే బాగుందని నాలుగు వాక్యాలు రాయండి, తరువాతి అతిథి వాటిని చూసే వస్తాడు. లోపముంటే దానినీ రాయండి, కానీ పక్కనున్న పెద్ద హోటల్‌లో అదే లోపాన్ని మీరు మన్నించి ఉండేవారేమో ఒకసారి చూసుకుని రాయండి.