కోడె మొక్కు: ఉత్సర్గమా? దానమా?

దేవాలయ పూజావిధానములను పరిశీలించునపుడు పండితులు సాధారణముగా ఆగమ గ్రంథములను ముందుంచుకొందురు. గ్రంథమున కానరాని ఆచారమును జానపదుల వేడుకయని ప్రక్కకు నెట్టుటయో, పోలికగల ఏదో ఒక శాస్త్రవిధికి ముడిపెట్టి తృప్తిచెందుటయో జరుగుచున్నది. వేములవాడ శ్రీరాజరాజేశ్వరస్వామి సన్నిధిని జరుగు కోడె మొక్కు ఈ రెండు విధముల ఉపేక్షకును గురియైనది. దీని స్వరూపమును నిర్ణయించుట కేవలము పాండిత్యవినోదము కాదు. మూగజీవముల బ్రదుకు దానిపై ఆధారపడియున్నది.

పూర్వపు కరీంనగరు జిల్లాలోనిదై, 2016 నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరిన ఈ క్షేత్రమునకు తెలంగాణపు పల్లెప్రజలు తమ రాజన్నను దర్శించుటకై తరతరములుగా వచ్చుచున్నారు. సంతానము కలిగిన పిదపనో, వ్యాధి నయమైన పిదపనో, పాడిపంటలు కుదిరిన పిదపనో మొక్కుకొన్నవారు కోడెను ఆలయము చుట్టును త్రిప్పి సన్నిధిని కట్టుదురు. సొంత కోడెను తోలుకొనివచ్చి స్వామికి విడుచువారు కలరు. రుసుము చెల్లించి, ఆలయమున నున్న కోడెను పట్టుకొని ప్రదక్షిణము చేయువారును కలరు.

దీనిని వృషోత్సర్గమని వ్యాఖ్యానించుట తేలిక. పారస్కరాది గృహ్యసూత్రములలో వృషోత్సర్గము విహితమై, కార్తిక పూర్ణిమ దానికి కాలముగా చెప్పబడినది. ఇరుతావులను పశువు వృషభమే, సంబంధము శివునితోనే. కాని భేదము మౌలికమైనది. వృషోత్సర్గమున వృషభమును ఆవులతోకూడ స్వేచ్ఛగా విడిచిపెట్టుదురు. అది యథేచ్ఛగా తిరుగును, దానిపై ఎవరికిని స్వత్వము లేదు, దానిని కాడికి కట్టరాదు. కోడె మొక్కునందు పశువును విడుచుట కాదు, కట్టుట ప్రధానము. పల్లెవాడుకలోని ‘కోడెను కట్టుట’ యను మాటయే ఈ భేదమును చాటుచున్నది.

ధర్మశాస్త్రకారులు ఉత్సర్గమునకును దానమునకును భేదమును స్పష్టముగా పాటించిరి. తన స్వత్వము తొలగుట రెండింటికిని సమానము. పరునికి స్వత్వము కలుగుట దానమునందు మాత్రమే అధికము. ఈ దృష్టితో చూచినచో సొంత కోడెను స్వామికి అప్పగించుట దానమే. ఆలయపు కోడెతో ప్రదక్షిణము చేయుటలో ఎవరి స్వత్వమును తొలగదు గనుక అది ఉత్సర్గమును గాదు, దానమును గాదు, సేవ. కొట్టములో కోడె లేని నిరుపేదకు అదియే మార్గము గనుక దానిని తక్కువగా ఎంచరాదు.

దేవత దానమునకు పాత్రమగునా యను శంక పుట్టవచ్చును. దేవగ్రామము, దేవక్షేత్రము అను వ్యవహారము గౌణమనియు, దేవత తన ఇష్టానుసారము ద్రవ్యమును వినియోగింపజాలదనియు శబరస్వామి నిర్ణయించెను. ఆధునిక న్యాయశాస్త్రము దేవతామూర్తికి స్వత్వము నంగీకరించుచునే, మైనరు ఆస్తివలె దానిని నిర్వాహకుల సంరక్షణలో నుంచినది. సిద్ధాంతములు వేరైనను ఫలితమొక్కటియే: కోడెను కట్టించుకొన్నవారిపై దాని పోషణభారము పడుచున్నది. ఇది ఈ సీమకు క్రొత్త భావన కాదు. వేములవాడ చాళుక్యుల కాలమున, 966లో వెలసిన పర్భణి తామ్రశాసనము, ఇక్కడి శుభధామ జినాలయము నిమిత్తము సోమదేవసూరికి గ్రామమును దానమిచ్చుచు, జీర్ణోద్ధరణ, పూజా నైవేద్యములను వినియోగముగా నిర్దేశించినది. దానముతోపాటే దాని రక్షణయు నిర్దేశింపబడుట ఆనాటి మర్యాద.

2025 మే నెలాఖరున వర్షములలో తిప్పాపూరు గోశాలలోని కోడెలు కొన్ని మరణించినవి. అటుపిమ్మట కోడెలను రైతులకు అప్పగించు కార్యక్రమము జరిగినది. ఇచ్చటనే పూర్వోక్త నిర్ణయము ప్రయోజనకారి యగుచున్నది. కోడె మొక్కు వృషోత్సర్గమే యైనచో ఆ పశువును మరల నాగలికి కట్టుట దోషము. దానమైనచో అట్టి నిషేధము లేదు. దేవస్వమును ఇతరులకిచ్చుట పాపమను ఆక్షేపమును నిలువదు. ఏలయన విక్రయింపరాదు, వధకు పంపరాదు, చక్కగా మేపవలెను అను నియమములతో అప్పగించినపుడు స్వత్వము స్వామియందే నిలుచును, పోషణ మాత్రమే రైతుకు చేరును. రైతు కొట్టమునుండి వచ్చిన కోడె రైతు కొట్టమునకే చేరుట మొక్కు భావమునకు విరుద్ధము కాదు. అయితే నియమపాలనమును విచారించు వ్యవస్థ లేనిచో ఆ అప్పగింత పరిత్యాగముగా మారును.

ఈ ప్రాంతపు ప్రాచ్యకళాశాలలు చేయదగిన పని యొకటి కలదు. కోడెను కట్టునపుడు అర్చకులు చెప్పించు సంకల్పమును, భక్తులు తమ మాటలలో చెప్పుకొను మొక్కును, ఊరూర గల ఆచారభేదములను వృద్ధులైన రైతులనుండియు అర్చకులనుండియు సేకరించి భద్రపరుపవలెను. ట్రాక్టర్లు వచ్చి కోడెలు పొలమునకు దూరమగుచున్న ఈ కాలమున ఆలస్యము తగదు. స్థలాచారమును దాని మాటలలోనే విన్న పిదప శాస్త్రముతో సమన్వయించుట పండితధర్మము. అట్లు విన్నచో కోడెను కట్టుటతో మొక్కు ముగియదనియు, దానికి మేతయు నీడయు కల్పించుట రాజన్న పూజలో శేషభాగమనియు స్పష్టమగును.